తూకానికి తెగుతున్న బిళ్లల దండ

పాత నాణేలు, గవ్వలు, అద్దం ముక్కలతో నగ కట్టడం నల్లగొండ తండాలకు ఎప్పటినుంచో ఉన్న విద్య. దానికి ధర కట్టడం దగ్గరే అందరం తప్పుతున్నాం.

పానగల్ పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల మీది బొమ్మలకు నగల కొదవ లేదు. మెడలో హారాలు, జబ్బలకు దండకడియాలు, కాళ్లకు అందెలు. కందూరు చోడుల కాలపు శిల్పులు నల్లరాతిలో పూసకు పూస విడదీసి చెక్కారు. అవి దేవతల నగలు, రాజుల సొమ్ముతో చెక్కినవి. అక్కణ్నుంచి నల్లగొండ వచ్చి దేవరకొండ బస్సెక్కితే ఇంకో రకం నగలు కనిపిస్తాయి. సంతకొచ్చిన ముసలి లంబాడా అమ్మల చెంపల పక్కన వేలాడే ఘుగ్రీలు, మెడలో హాస్లీ, ముంజేతి నుంచి మోచేయి దాటే బలియాలు, రవిక మీద గవ్వలు, అద్దాలు. వాటి నడుమ రూపాయి బిళ్లల దండ. వీటిలో గనిలోంచి తవ్వి తెచ్చి నగకోసమే కరిగించింది తక్కువ. ఎక్కడెక్కడో తిరిగి చేతికందిందే ఎక్కువ.

ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి, మొగలుల దండుకూ నిజాం దండుకూ తిండిగింజలు చేర్చిన జాతి లంబాడాలది. ఇల్లే కదులుతుంటే పెట్టె ఎక్కడ పెడతారు? సంపాదనంతా ఆడవాళ్ల ఒంటి మీదికి చేరింది. మనకు గవ్వ అంటే అష్టాచెమ్మా గుర్తొస్తుంది గానీ, ఒకప్పుడు అదీ చెల్లిన డబ్బే. దంతం కరువైతే బలియాలు ప్లాస్టిక్‌కు మారాయి. పద్ధతి మాత్రం మారలేదు.

బిళ్లల దండలో ఒక పాత లెక్క దాగుంది. నిజాం ఇలాకాలో రెండు రకాల రూపాయలు నడిచేవి. ఒకటి సర్కారు వారి హాలీ సిక్కా, రెండోది ఇంగ్లీషు వాళ్ల కల్దారు. మారకం 7 హాలీలకు 6 కల్దార్లు. చార్మినార్ ముద్ర ఉన్న హాలీ బరువు 11.18 గ్రాములు, నూటికి దాదాపు 82 పాళ్లు వెండి. కల్దారు సరిగ్గా తులం, 11.66 గ్రాములు, నూటికి 91.7 పాళ్లు వెండి. గుణించి చూడండి. 7 హాలీల్లోనూ 6 కల్దార్లలోనూ ఉన్న వెండి ఇంచుమించు 64 గ్రాములే. 1940లో కల్దారు వెండిని సగానికి కోశారు, 1947లో నికెల్ చేశారు. కాబట్టి దండలోని బిళ్ల ఏ ఏటిదో చదవకుండా అమ్మితే నష్టం అమ్మేవాళ్లదే.

పాత దండ దొరికితే తిరగేసి చూడండి. పనితనం వెనక వైపే తెలుస్తుంది. నాణెం నడుమ బెజ్జం వేయకుండా అంచు మీద సన్నటి వెండి కొండి పెట్టి టంకం వేస్తారు. అవి చెల్లిన రోజుల్లో కొండి ఊడదీస్తే బిళ్ల మళ్లీ రూపాయే, కష్టకాలంలో ఖర్చుపెట్టుకునేవారు. బిళ్లకూ బిళ్లకూ మధ్య దారానికి ముడి ఉంటే, ఒక చోట తెగినా మిగతావి రాలిపోవు. ఏళ్ల తరబడి చర్మానికి రాసుకుని కల్దారు మీది రాజుగారి ముక్కు అరిగిపోయి ఉంటుంది. ఆ అరుగుదల ఏ యంత్రమూ చేయలేదు.

వెండి కొట్లో ఇవేవీ లెక్కకు రావు. త్రాసులో పడేస్తారు, టంకం తీసేస్తారు, తరుగు తీసేస్తారు, మిగిలినదానికి ఆ రోజు రేటు కడతారు. వెండి ధర పెరిగేకొద్దీ దండలు తెగే జోరూ పెరుగుతుంది. కరగనివి మాత్రం ‘ట్రైబల్’, ‘వింటేజ్’ అనే చీటీలతో నగరంలో ప్రదర్శనకు ఎక్కుతాయి. అక్కడ చేతిపనికి ధర పలుకుతుంది, కానీ ఆ డబ్బు గుచ్చిన చేతికి చేరదు. ఇదే నా ఫిర్యాదు. కర్ణాటక సండూరు ఇందుకు వేరే దారి చూపింది. గవ్వలు, అద్దాలతో అక్కడి లంబాణీ ఆడవాళ్లు వేసే కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అమ్మకాలు కుశల కళా కేంద్రం చూసుకుంటోంది. మన దగ్గర కరీంనగర్ వెండి తీగ పనికి, 2024లో హైదరాబాద్ లక్క గాజులకు ఆ గుర్తింపు దక్కింది.

ఇప్పుడు పట్నం అమ్మాయిలు తెగిన గొలుసులు, పాత గుండీలు, ఆగిపోయిన గడియారాల పళ్లచక్రాలతో చెవిపోగులు కట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. మంచిదే. కాకపోతే, విరిగినదాన్ని నగ చేయాలి గానీ, నగ చేయడానికి బాగున్నదాన్ని విరగ్గొట్టకూడదు. 2011 జూన్ 30తో చెల్లకుండా పోయిన పావలాలు, పది పైసలు ఇంట్లో మిగిలుంటే బెజ్జం పెట్టకుండా తీగ చుట్టి వాడుకోండి. చెల్లే నాణెం జోలికి పోవద్దు, కరిగించినా పాడుచేసినా నాణేల చట్టం ఊరుకోదు. జర్మన్ సిల్వర్‌ను వెండి అని అమ్మొద్దు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. వెండి రవ్వంత కూడా ఉండదు, నికెల్ పడనివాళ్లకు దురద మాత్రం గ్యారంటీ.

దుక్కిలో దొరికిన పూసల సంగతి వేరు. ఈ నేల కింద ఏముందో 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి చూపించింది. అక్కడ ఒక్క కుండలో 3,730 సీసం నాణేలు బయటపడ్డాయి. అలాంటివి గుచ్చుకోవడానికి కావు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిక్షేపాల చట్టం అంటుంది. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, విదేశీ కొనుగోలుదారుకు పార్శిల్ చేస్తే నేరం.

ఇక మీ ఇంట్లో నాయనమ్మ దండ ఉండి, అమ్మక తప్పని రోజు వస్తే, త్రాసు ఎక్కించేముందు రెండు వైపులా ఫొటో తీయండి. బిళ్లల మీది సంవత్సరాలు చదవండి. ఎవరు గుచ్చారో అడిగి రాసిపెట్టండి. వెండి రేటు ఎంత అని అడిగే నోటితోనే పనితనానికి ఎంత ఇస్తావని కూడా అడగండి. ఏమీ ఇవ్వనంటే ఆ కొట్టు దిగి వచ్చేయండి.