నెలకు ఎన్ని రోజులు?

తలనొప్పి మాత్రల విషయంలో మన జాగ్రత్త అంతా ఆ పూటకే పరిమితం. ఒకటి చాలుతుందా, రెండు వేయాలా, ఖాళీ కడుపున మింగొచ్చా అని అడుగుతాం. నెలలో ఎన్ని రోజులు వేశామో మాత్రం లెక్క పెట్టుకోం. మైగ్రేన్, టెన్షన్ తలనొప్పి ఏళ్ల తరబడి వచ్చిపోయే జబ్బులు. అందుకే వీటి మందులతో వచ్చే చిక్కు చాలావరకు ఆ నెల లెక్కలోనే ఉంటుంది.

మైగ్రేన్‌కు ఇచ్చే ఎర్గోటమైన్‌నే ఉదాహరణగా తీసుకోండి. రై ధాన్యం కంకులకు పట్టే శిలీంధ్రం నుంచి 1918లో ఆర్థర్ స్టోల్ అనే స్విస్ రసాయనవేత్త దీన్ని వేరుచేశాడు. ఆ శిలీంధ్రం కలిసిన పిండితో రొట్టెలు తిని మధ్యయుగాల ఐరోపాలో జనం కాళ్లూ చేతులూ నల్లబడి చనిపోయేవారు. రక్తనాళాలు బిగుసుకుపోవడమే కారణం. మందుగా మారినంత మాత్రాన ఆ గుణం పోలేదు. మన దగ్గర ఇది పారాసిటమాల్, కెఫీన్, వాంతులు ఆపే ప్రోక్లోర్‌పెరజిన్‌లతో కలిసి ఒకే మాత్రగా వస్తుంది. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందు. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే ఇచ్చేసే దుకాణాలకూ కొదవ లేదు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, ఇట్రాకోనజోల్ లాంటి ఫంగస్ మందులు వాడుతున్నప్పుడు కాలేయం ఎర్గోటమైన్‌ను వదిలించుకోలేదు. అది రక్తంలో పేరుకుపోతే వేళ్లు కుళ్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే గొంతు నొప్పికని వెళ్లినా ఈ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పితీరాలి. మైగ్రేన్‌కే ఇచ్చే మరో మందు సుమాట్రిప్టాన్ వాడేవారైతే ఈ రెండింటి మధ్య 24 గంటలు గడవాలి.

తల చుట్టూ పట్టీ బిగించినట్టుండే టెన్షన్ తలనొప్పికి ఎర్గోటమైన్ పనికిరాదు. కానీ చాలామందికి రెండు నొప్పులూ ఉంటాయి. ఏ నొప్పి మొదలైనా చేతికి అందేది ఆ గట్టి మాత్రే. రోజుల లెక్క పెరిగేది ఇక్కడే. ఎర్గోటమైన్, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు, రెండు మూడు మందులు కలిపిన నొప్పి మాత్రలైతే నెలకు 10 రోజులు, ఒట్టి పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ లాంటివైతే 15 రోజులు: మూడు నెలలకు మించి ఈ మేరకు వాడుతూ, నెలలో సగం రోజులు తలనొప్పితోనే గడుస్తుంటే, మందే నొప్పిని పెంచుతోందని అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణ అంటుంది. లెక్క రోజులకే, మాత్రలకు కాదు. రోజుకు సగం మాత్రే కదా అనుకునేవాళ్లు కూడా ఇందులో చిక్కుకుంటారు.

నొప్పి ఎక్కువైంది కాబట్టే మాత్రలు ఎక్కువయ్యాయి, మీరు తారుమారు చేస్తున్నారు అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన సందేహమే. దీనికి జవాబు కీళ్లనొప్పుల రోగుల దగ్గర దొరికింది. వాళ్లు రోజూ మాత్రలు మింగేది తల కోసం కాదు. అయినా వాళ్లలో ముందునుంచీ మైగ్రేన్ ఉన్నవారిలో కొందరికి రోజువారీ తలనొప్పి పట్టుకుంది, లేనివారికి పట్టుకోలేదు. అంటే, మైగ్రేన్ తత్వం ఉన్న తలకే రోజువారీ నొప్పి మాత్ర పడదు.

మైగ్రేన్ మాత్ర నొప్పి ముదరకముందే వేసుకోమని డాక్టర్లే చెబుతారు కదా, మరి రోజులు లెక్కపెట్టుకుని ఆగమంటే ఎలా? ఆ సలహా సరైనదే, ఆలస్యమైతే కడుపు కదలిక మందగించి మందు సరిగా ఒంటికి పట్టదు. వచ్చింది మైగ్రేనే అని తేలిన రోజున వెంటనే వేసుకోవాలి. అలాంటి రోజులు నెలలో నాలుగైదు దాటుతుంటే అడగాల్సింది ఇంకో స్ట్రిప్పు కాదు, నొప్పి రాకుండా రోజూ వాడే ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటి మందు. ఇవి నొప్పి మాత్రలు కావు, కొన్ని వారాలు వాడితేగానీ ఫలితం తెలియదు. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు.

అతిగా వాడిన మాత్ర ఆపితే మొదట నొప్పి ఇంకా పెరుగుతుంది. మందు లేకపోతే బతకలేననిపించేది అప్పుడే. 2001లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో ఈ బాధ ట్రిప్టాన్లు మానినవారికి సగటున నాలుగు రోజులు, ఎర్గోటమైన్ మానినవారికి దాదాపు ఏడు, మామూలు నొప్పి మాత్రలు మానినవారికి తొమ్మిదిన్నర రోజులు సాగింది. మత్తు కలిసిన నొప్పి మాత్రలు వాడుతున్నవారు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. వాటిని డాక్టరు చెప్పిన క్రమంలో తగ్గించుకుంటూ రావాలి.