ఇంటిగోడపై తొలి చిత్రము

కాగితముపై గీసిన బొమ్మ నచ్చకపోయిన, మడిచి పెట్టెలో దాచవచ్చును. గోడపై బొమ్మకు ఆ మరుగు లేదు. అది ఇంటిల్లిపాదితో కలిసి కాపురముండును. కావున రంగులు కొనుటకు ముందే గోడను పరీక్షింపవలెను.

పూర్వచిత్రకారులు ఈ మర్మము నెరుగుదురు. అజంతాలో రాతిపై పొట్టు, నార కలిపిన మట్టిని మెత్తి, దానిపై సన్నని సున్నపుపూత పూసిన పిమ్మటనే కుంచె పట్టిరి. 16వ శతాబ్దములో విజయనగర రాజుల కాలమున వెలసిన లేపాక్షి వీరభద్రాలయపు కప్పుచిత్రములకును సున్నపుగారయే ఆధారము. అచ్చటి వర్ణములు బహు కొద్ది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, వానికి ప్రాణము పోసిన నల్లని రేఖ.

మన గదిగోడకు అంత శ్రమ అక్కరలేదు. చెమ్మ ఉన్నచో మాత్రము మొదట దాని మూలమును మాన్పవలెను. లోని తడి లవణములను వెంటబెట్టుకొని పైకి వచ్చి, రంగును పెచ్చులుగా రాల్చివేయును. పొరలు లేచిన పాత వెల్లను గీకి, పగుళ్లను లప్పముతో పూడ్చి, ఆరిన తరువాత గరుకు కాగితముతో రుద్ది, ప్రైమరు పూయవలెను. ఓపిక లేనివారు ఇచ్చటనే చెడుదురు.

చిత్తుబొమ్మను పెంచుటకు గళ్లపద్ధతి మేలు. 8 అంగుళముల బొమ్మపై అంగుళపు గళ్లు, 8 అడుగుల గోడపై అడుగు గళ్లు గీసి, ఏ గడిలోని రేఖను ఆ గడిలోనికి మార్చవలెను. గోడపై గళ్లకు రంగుసుద్ద చాలును, తుడిచిన పోవును. నిష్పత్తి యన నేమో విద్యార్థికి ఇంతకన్న బాగుగా ఏ లెక్కల పుస్తకము చెప్పగలదు?

తొలియత్నమునకు లేపాక్షి దేవతలకన్న పెరటి అరటిచెట్టు మేలని నా అభిప్రాయము. అరటాకు చిరిగినను అందమే. వంకర తిరిగిన ముఖమైనచో ప్రతి ఉదయమును మనలనే చూచుచుండును.