యూదులు బైబిల్లోనే ఉంటారా? దాచేపల్లి నుంచి బయల్దేరేవారి కోసం

దాచేపల్లి, గురజాల వైపు ఏ క్రైస్తవ పేటకు వెళ్లినా అబ్రాహాములు, యాకోబులు, దావీదులు ఎదురవుతారు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల వచ్చి పని మొదలుపెట్టినప్పటి నుంచీ పల్నాడుకు పాత నిబంధనతో చుట్టరికం ఉంది. కాబట్టి యూదుల పేరు వినని వాళ్లు ఇక్కడ తక్కువ. చిక్కేమిటంటే, మనకు తెలిసిన యూదులంతా రెండు వేల ఏళ్ల కిందటి వాళ్లు. మోషే తెలుసు, పరిసయ్యులు తెలుసు. ఆ తర్వాత ఆ జనం ఏమయ్యారో, ఎక్కడెక్కడ బతికారో, ఇప్పుడెలా ఉన్నారో తెలియదు. ఆ ఖాళీలోకి అపోహలు వచ్చి చేరాయి. యూదుల చరిత్ర చూసి రావాలని ఎవరైనా అంటే వినిపించే మాటలు కొన్ని ఇవి.

అపోహ: యూదుల ఆనవాళ్లు చూడాలంటే ఇజ్రాయెల్ పోవాల్సిందే.

నడికుడి జంక్షన్‌లో గుంటూరు బండి ఎక్కితే చాలు. గుంటూరులో దిగి పొన్నూరు వైపు బస్సు పట్టుకుంటే చేబ్రోలు వస్తుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడితో అందరికీ తెలిసిన ఊరే. ఆ మండలంలోనే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారు. తమను బెనె ఎఫ్రాయీమ్ అని, అంటే ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకుంటారు. 1991లో సమాజమందిరం కట్టుకున్నారు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ఈ సమాజానికి ముందు నడిచారు. అక్కడున్నవి నలభై కుటుంబాలని పరిశోధకుల లెక్క. మచిలీపట్నంలోనూ ఇలాంటి చిన్న బృందం ఒకటి ఏర్పడింది.

రాతి గోడలో, శిలాశాసనాలో చూడాలని వెళ్తే కొత్తరెడ్డిపాలెం నిరాశపరుస్తుంది. అది మామూలు పేట, మందిరమూ చిన్నదే. శుక్రవారం పొద్దుగూకే వేళ ఆడవాళ్లు దీపాలు వెలిగించడం, హీబ్రూ ప్రార్థన మన గుంటూరు యాసలో వినిపించడం అక్కడి విశేషాలు. నా మట్టుకు నాకు రాళ్లకంటే ఇదే పెద్ద సంగతి.

అపోహ: వాళ్లు క్రైస్తవుల్లోనే ఒక శాఖ. సమాజమందిరమంటే ఒక రకం చర్చి.

ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. కొత్తరెడ్డిపాలెం వాళ్ల పెద్దలు ఒకప్పుడు బాప్టిస్టు సంఘాల్లో ఉన్నవాళ్లే. అయితే యూదు మతంలో యేసు మెస్సీయ కాదు. కొత్త నిబంధన వాళ్ల గ్రంథం కాదు. మందిరంలో సిలువ ఉండదు, పటాలూ బొమ్మలూ ఉండవు. చర్మపు చుట్ట మీద చేత్తో రాసిన తోరాను, అంటే మోషే ధర్మశాస్త్రాన్ని, ఉంచే పెట్టె ఉంటుంది. దాన్ని యెరూషలేము దిక్కుగా పెడతారు కాబట్టి మన దేశంలో అది పడమటి వైపు ఉంటుంది. విశ్రాంతి దినం ఆదివారం కాదు, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా. మగవాళ్లు తలపై టోపీ లేకుండా ప్రార్థనలో కూర్చోరు. పంది మాంసం ముట్టరు. లోపలికి అడుగుపెట్టి ‘ప్రైజ్ ద లార్డ్’ అంటే ఎవరూ కసరుకోరు గానీ, మీకు అక్కడి సంగతులు తెలియవని మాత్రం తెలిసిపోతుంది.

అపోహ: అంతా ఇజ్రాయెల్ వీసా కోసమే.

ఇది వినడానికి తెలివైన మాటలా ఉంటుంది. అందుకే ఎక్కువగా తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లో 1950 నుంచి ‘తిరిగివచ్చే హక్కు’ చట్టం ఉన్న మాట నిజమే. యూదుడని గుర్తింపు పొందినవారు అక్కడ స్థిరపడవచ్చు. మణిపూర్, మిజోరంలకు చెందిన బ్నెయ్ మెనషేలను 2005లో అక్కడి ప్రధాన రబ్బీల్లో ఒకరు మనష్షే సంతతిగా గుర్తించారు. వాళ్లలో వేలమంది వెళ్లిపోయారు. మన తెలుగువాళ్లకు అలాంటి గుర్తింపు దక్కలేదు. మందిరం కట్టి ముప్పై ఏళ్లు దాటింది. వీసా ఒక్కటే ఆశయితే, గుమ్మం తెరుచుకోదని తేలాక ఇన్నేళ్లు శనివారం కూలి మానుకుని, హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటూ ఎవరు కూర్చుంటారు?

యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు మానవశాస్త్రజ్ఞులు ఇక్కడి వాళ్లమీద పుస్తకమే రాశారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది. దాని పేరులోనే కులం, మతం రెండూ ఉన్నాయి. ఈ సమాజం మాదిగ కుటుంబాల నుంచి వచ్చింది. 1878 జూలైలో ఒంగోలు బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. ఊరు తమకు కట్టబెట్టిన చోటును కాదనడానికి అదొక దారి. తమ పూర్వీకులు ఎవరో తామే చెప్పుకోవడం ఇంకొక దారి అని నేననుకుంటాను. దాన్ని వీసా లెక్కకు కుదించి చూడడం మన చూపులోని లోపం.

అపోహ: తప్పిపోయిన పది గోత్రాల్లో వీళ్లొకరని శాస్త్రం తేల్చేసింది.

తేల్చలేదు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరీయులు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూలదోసి జనాన్ని చెరపట్టుకుపోయారు. ఆ గోత్రాలు ఏమయ్యాయన్న ప్రశ్నకు ప్రపంచంలో డజన్లకొద్దీ జాతులు ‘మేమే’ అని జవాబిచ్చాయి. తమవాళ్లు పర్షియా, అఫ్గాన్ మీదుగా ఉత్తర భారతానికి చేరి, అక్కడినుంచి దక్షిణానికి దిగారని బెనె ఎఫ్రాయీమ్ పెద్దలు చెబుతారు. చనిపోయినవారిని పూడ్చిపెట్టడం లాంటి ఆచారాలను ఆనవాళ్లుగా చూపిస్తారు. దీన్ని రుజువు చేసే శాసనం గానీ, పాత రాతప్రతి గానీ చరిత్రకారుల చేతిలో లేదు. కాబట్టి ఇది వాళ్ల విశ్వాసం. మన వంశ చరిత్రల్లో రుజువుకు నిలబడేవి ఎన్ని? వెళ్లినవాళ్లు దీనిమీద వాదన పెట్టుకోకుండా వాళ్లు చెప్పేది వింటే మేలు.

అపోహ: పల్నాడుకూ యూదులకూ ఏ సంబంధమూ లేదు.

ఉంది. అది వజ్రాల సంబంధం. దాచేపల్లికి దిగువన కృష్ణ ఒడ్డున, బెల్లంకొండ మండలంలో కొల్లూరు ఉండేది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల్లో పేరుమోసినవి అక్కడివే. కోహినూరు అక్కడిదేనని వాడుక. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆ గనుల్లో అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడక్కడికి వెళ్లి చూడడానికేమీ లేదు. ఆ నేల పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

ఆ రాళ్లు ఐరోపా ఎలా చేరాయన్న దగ్గర యూదులు వస్తారు. 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్లగొట్టింది. ఐదేళ్లకు పోర్చుగల్ బలవంతంగా మతం మార్పించింది. ఆ కుటుంబాలు ఆమ్‌స్టర్‌డామ్, లండన్, ఇటలీలోని లివోర్నో రేవుల్లో చెల్లాచెదురుగా స్థిరపడ్డాయి. ఒకే భాష, నమ్మకస్తులైన చుట్టాలు, రేవు రేవుకూ మనుషులు ఉండడంతో వర్తకం అందివచ్చింది. మధ్యధరా సముద్రపు పగడం లివోర్నోలో దొరికేది, మనవాళ్లకు పగడం మీద మోజు. పగడమూ వెండీ చెన్నపట్నానికి వచ్చేవి, వజ్రాలు లండన్‌కు పోయేవి. ఈస్టిండియా కంపెనీ ఈ వ్యాపారంలో యూదు వర్తకులకు అనుమతులిచ్చింది. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకులకూ చోటు దక్కింది. జార్జిటౌన్‌లోని కోరల్ మర్చెంట్ స్ట్రీట్ ఆ పగడాల వర్తకం పేరు మీదిదే.

వాళ్లలో జాక్ డి పైవా అనేవాడు రాళ్లకోసం గోల్కొండ గనుల దాకా వెళ్లాడు. జబ్బుపడి 1687లో చనిపోయాడు. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నదీ ఆ సంవత్సరమే. అతని భార్య హిరోనిమా తర్వాత మద్రాసు గవర్నరు ఎలిహు యేల్‌తో కలిసి బతికింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చినది ఆ యేలే. అంటే మన గనుల మట్టికి అటు లండన్ నగల అంగళ్లతోనూ, ఇటు అమెరికా చదువులతోనూ దూరపు చుట్టరికం ఉందన్నమాట. ఆ నాటి యూదుల ఆనవాళ్లు చూడాలంటే చెన్నై లాయిడ్స్ రోడ్డులో చిన్న యూదు శ్మశానం ఉంది. వేరేచోట ఉన్న పాత సమాధి రాళ్లను కూడా అక్కడికి చేర్చారు.

ఈ కథ విన్నవాళ్లు కొందరు ‘మన వజ్రాలు యూదులు దోచుకుపోయారు’ అనేదాకా వెళ్తారు. గనులు సుల్తానువి, తవ్వింది మన కూలీలు, పెద్ద రాళ్లు సుల్తాను ఖజానాకే చేరాలి, ఓడలు కంపెనీవి. యూదు వర్తకులు ఆ గొలుసులో ఒక లంకె మాత్రమే.

అపోహ: హైదరాబాదులో యూదు చరిత్ర అంటూ ఏదీ లేదు.

కట్టడం రూపంలో లేదు, నిజమే. కానీ యూదు మతం గురించి మన దేశంలో రాసిన పాత వివరాల్లో కొన్నిటికి మూలం హైదరాబాదే. అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో సర్మద్ అనే ఫకీరు అక్కడ ఉండేవాడు. యూదు కుటుంబంలో పుట్టి, ఇస్లాం చదువు చదివి, బట్టలు వదిలేసి దిగంబరంగా తిరిగిన మనిషి. మతాలన్నిటి మీదా రాసిన పారశీక గ్రంథం ‘దబిస్తాన్-ఎ-మజాహిబ్’ రచయిత 1647లో హైదరాబాదులో అతన్ని కలిసి, యూదుల గురించి అడిగి తెలుసుకుని రాసుకున్నాడు. సర్మద్ శిష్యుడు అభయ్‌చంద్ ఆదికాండం మొదటి భాగాన్ని పారశీకంలోకి మార్చాడు, అదీ ఆ పుస్తకంలో ఉంది. తర్వాత ఢిల్లీలో ఔరంగజేబు సర్మద్ తల తీయించాడు. జామా మసీదు దగ్గర అతని ఎర్ర సమాధిని ఇప్పటికీ చూడవచ్చు.

అపోహ: ఆరు కోణాల నక్షత్రం కనిపిస్తే అక్కడ యూదులు ఉండేవారని అర్థం.

అలాగైతే సుబ్రహ్మణ్య యంత్రాలన్నీ యూదులవి కావాలి! షట్కోణం మన ఆగమాల్లో ఉంది. ఢిల్లీ హుమాయూన్ సమాధి గోడల మీదా ఉంది. యూదులకు అది అందరూ ఒప్పుకున్న గుర్తయింది చాలా ఆలస్యంగా. 1897లో, యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిస్టుల సభ జెండా మీదకెక్కాక లోకమంతా పాకింది.

అపోహ: హిట్లర్‌కు భయపడి పారిపోయి వచ్చినవాళ్లే కేరళ యూదులు.

కేరళ రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు హక్కులిచ్చిన రాగిరేకులు క్రీస్తుశకం 1000 నాటివి. చేందమంగళంలో 1269 నాటి హీబ్రూ సమాధి రాయి ఉంది. కొచ్చి మట్టాంచేరిలోని పరదేశి సమాజమందిరం 1568లో కట్టినది. నేలమీద చైనా నుంచి తెచ్చిన నీలి బొమ్మల పలకలు, ఒక్కొక్కటీ చేత్తో గీసినవి. పక్కనే 1760 నాటి గడియార స్తంభం.

అక్కడి జనం ఇప్పుడు లేరనే చెప్పాలి. మన దేశం తరిమేసిందనుకుంటే అదీ తప్పే. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఇష్టపడే వెళ్లారు. ఈ గడ్డమీద వాళ్లను వేధించినది పోర్చుగీసులు, గోవాలో మత విచారణ పేరుతో హింసించినదీ వాళ్లే. మన రాజులు కాదు. ‘యూదులంతా కోటీశ్వరులు’ అనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. కొంకణంలోని బెనె ఇజ్రాయెల్‌లు గానుగాడించి బతికిన నూనెవర్తకులు, శనివారం గానుగ ఆపేవారు కాబట్టి జనం వాళ్లను ‘శనివార తేలీ’లన్నారు. కొత్తరెడ్డిపాలెం వాళ్ల కథ ముందే చెప్పుకున్నాం.

అపోహ: యెరూషలేములోని ఏడ్పుగోడ సొలొమోను గుడి గోడ.

పవిత్రభూమి యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం చేస్తోంది. 2019లో ఆ సాయాన్ని పెంచారు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్నవారికి 60 వేలు, అంతకు మించితే 30 వేలు. ఆ యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. సొలొమోను ఆలయాన్ని బబులోనువాళ్లు క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో నేలమట్టం చేశారు. రెండో ఆలయాన్ని రోమన్లు క్రీస్తుశకం 70లో తగలబెట్టారు. ఇప్పుడు మనం చూసేది ఏ గుడి గోడా కాదు. హేరోదు రాజు ఆలయపు కొండను వెడల్పు చేసి చదును చేయించినప్పుడు, మట్టి జారకుండా చుట్టూ కట్టించిన ఆపుడు గోడలో పడమటి భాగం అది. ఆలయం నిలిచిన చోటికి దగ్గరగా ఉంది కనుక అంత పవిత్రం. ఆ యాత్రల్లో చూపించేవి సాధారణంగా క్రైస్తవ స్థలాలు. యూదుల కథ తెలియాలంటే ఇజ్రాయెల్ మ్యూజియంకు ఒక పూట అడగండి. కొచ్చి నుంచి తీసుకెళ్లిన కడవుంభాగం సమాజమందిరపు చెక్కపని అక్కడే నిలిపారు.

జర్మనీలో చదువుకునే మన పిల్లలకు ఇంకో పొరపాటు అలవాటు. ఔష్విట్జ్ జర్మనీలో ఉందనుకుంటారు. అది పోలండ్‌లో, క్రాకోవ్ దగ్గర. నాజీలు అక్కడ చంపిన పదకొండు లక్షల మందిలో పది లక్షల దాకా యూదులు. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు మైంజ్, వోర్మ్స్, స్పాయర్ అనే మూడు పాత యూదు పట్టణాలు అందుబాటులోనే ఉన్నాయి. వాటిని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది.

అపోహ: శనివారం సెలవు చూసుకుని వెళ్తే అన్నీ తీరిగ్గా చూడొచ్చు.

సరిగ్గా ఆ రోజే అన్నీ మూసి ఉంటాయి. పరదేశి మందిరంలోకి శుక్ర, శనివారాల్లో సందర్శకులను రానివ్వరు, యూదు పండగల్లోనూ అంతే. మిగతా రోజుల్లో చెప్పులు బయట విడవాలి, పొట్టి బట్టలతో వెళ్లకూడదు. యెరూషలేములో శుక్రవారం సాయంత్రం నుంచి బస్సులు కూడా ఆగిపోతాయి. కొత్తరెడ్డిపాలెంలో శనివారం ప్రార్థన దినం, ఫోన్లో ఫొటోలు తీయడానికి అది వేళ కాదు. ఆ పేటకు ఏ రోజు వెళ్లినా ముందు కబురు పెట్టి వెళ్లండి. మ్యూజియం కాదది, మనుషులు కాపురాలుంటున్న చోటు. ఈ చోట్లన్నిటికీ కలిసొచ్చేది ఆదివారమే. చర్చికి వెళ్లేవారు మాత్రం పాస్టరు గారికి ముందుగానే చెప్పుకోవాలి.