కోడిపిల్లల మేత, జీర్ణారోగ్యం: అనకాపల్లి ప్రాంత పెరటి పెంపకం - పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం

కోడిపిల్ల బతుకు తొలి నాలుగైదు వారాల్లో చాలావరకు దాని పేగు మీద ఆధారపడి ఉంటుంది. బెల్లపునీరు, నూకలు, ఎండుచేపలు, తెలగపిండి వంటి మేతల గుణదోషాలను, ‘పారుడు’ అనే మాటతో ఏర్పడిన వ్యాధి నామాలను అనకాపల్లి ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. రెట్టను గమనించి పెట్టిన ఈ పేర్లు రోగనిర్ణయానికి ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ పొరపాటుకు దారితీస్తాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కోడిపిల్ల, మేత, కందనకాయ, పారుడు, వృత్తి పదజాలం

1. ఉపోద్ఘాతం

అనకాపల్లి పేరు చెప్పగానే బెల్లం గుర్తుకు వస్తుంది. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి వేరుపడి ఏర్పడిన ఈ జిల్లాలో పడమట మాడుగుల వైపు కొండలు, తూర్పున పూడిమడక వైపు సముద్రతీరం ఉన్నాయి. పెరట్లో నాలుగు కోళ్లను పెంచుకొనే ఇంటికి అవి అత్యవసరాల్లో చేతికందే ఆస్తి. పొదిగిన పిల్లల్లో సగం పోతే ఆ ఇంటికి కొన్ని నెలల గుడ్లూ రాబడీ పోయినట్లే. అందుచేత పిల్లల మేత చిన్న విషయంగా కనిపించినా, దానికి ఆర్థికమైన విలువ ఉంది.

2. పిల్ల జీర్ణవ్యవస్థ

గుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పిల్ల బయటికి వచ్చేముందు మిగిలిన పచ్చసొన దాని కడుపులోకి చేరుతుంది. రెండు మూడు రోజులపాటు ఈ నిల్వే దానికి ఆధారం. పుట్టిన పిల్లలను దూరప్రాంతాలకు మేత లేకుండా తరలించగలగడానికి కారణం ఇదే. అయితే నిల్వ ఉంది కదా అని మేతను ఆలస్యం చేయడం మేలు కాదు. త్వరగా మేత తిన్న పిల్లలో పచ్చసొన త్వరగా వినియోగమై, పేగు త్వరగా ఎదుగుతుంది.

కోడికి పళ్లు లేవు. తిన్న గింజ మొదట మెడ కింద ఉన్న మేతసంచిలో నానుతుంది. తరువాత జీర్ణరసాలు కలుపుకొని కందనకాయలో నలుగుతుంది. పెరటికోడి ఏరుకొని మింగే సన్నని రాళ్లు అక్కడ తిరగలి పని చేస్తాయి. సాయంత్రం పిల్ల మెడ కింద వేలితో తాకి చూస్తే అది తిన్నదో లేదో తెలుస్తుంది. మేతసంచి మెత్తగా, నిండుగా ఉండాలి. ఖాళీగా ఉంటే మేతకన్నా ముందు వెచ్చదనాన్ని పరిశీలించాలి. తొలివారంలో పిల్లకు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి అవసరం. తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. తల్లికోడి రెక్కల కింద ఈ వేడి సహజంగానే దొరుకుతుంది. తల్లి లేని పిల్లలు చలికి ఒకచోట గుమిగూడి, మేత ముందున్నా తినవు.

3. ఇంటి మేతలు: గుణదోషాలు

ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకు మొదట బెల్లపునీరు పట్టడం వాడుకలో ఉంది. అలసిన పిల్లకు అది తక్షణశక్తినిస్తుంది. కాని బెల్లంలో మాంసకృత్తులు లేవనే చెప్పాలి. మోతాదు మించితే రెట్ట పలచబడుతుంది. ఎండలో నిలవ ఉంటే నీరు పులుస్తుంది. కాబట్టి అది తొలి కొన్ని గంటలకే పరిమితం కావాలి.

నూకలు సులభంగా అరుగుతాయి, కాని వాటిలో మాంసకృత్తులు ఏడెనిమిది శాతమే. ఎదిగే పిల్లకు సుమారు 20 శాతం కావాలి. ఉత్తరాంధ్రలో చోళ్లు అని పిలిచే రాగులతోనూ ఈ లోటు పూర్తిగా తీరదు. తల్లి వెంట తిరిగే పిల్ల చెదలను, పురుగులను ఏరుకొని దీన్ని కొంత పూరించుకొంటుంది. గంప కింద మూసి ఉంచిన పిల్లకు ఆ అవకాశం లేదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి జాతుల పిల్లలకు తొలి వారాల్లో సమతుల మేత, వెచ్చదనం తప్పనిసరి.

తీరప్రాంతంలో దొరికే ఎండుచేపలు మాంసకృత్తుల లోటు తీరుస్తాయి. అయితే వాటిలో ఉప్పు ఎక్కువైతే పిల్లకు దాహం పెరిగి, నీళ్ల రెట్ట పడుతుంది. తెలగపిండిలో మెథియోనిన్ సమృద్ధిగా ఉంటుంది, లైసిన్ తక్కువ. కనుక దాన్ని ఇతర మేతలతో కలిపి వాడాలి. వేరుశనగ చెక్క బలమైనదే అయినా బూజు పడితే విషమవుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు చనిపోవడానికి బూజుపట్టిన వేరుశనగ చెక్క కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ గురించిన పరిశోధనకు ఆ సంఘటనే నాంది.

4. ‘పారుడు’ - పేర్లలోని పరిశీలన

‘పారు’ ధాతువు నుంచి ఏర్పడిన ‘పారుడు’ విరేచనాలను తెలిపే నామం. దానికి రంగును చేర్చి ‘తెల్లపారుడు’, ‘రక్తపారుడు’ అనే పేర్లు ఏర్పడ్డాయి. రాణిఖేత్ వ్యాధి అనే పేరు ఉత్తరాఖండ్‌లోని ఒక ఊరిని మాత్రమే సూచిస్తుంది. ‘రక్తపారుడు’ మాత్రం ఏమి చూడాలో చెబుతుంది.

అయితే రంగు ఒక్కటే చాలదు. కోడి రెట్టపై తెల్లని పూత సహజం. అది మూత్రంతో వచ్చే యూరికామ్లం. రోజులో కొన్నిసార్లు వచ్చే గోధుమరంగు జిగటరెట్ట కూడా సహజమే. తొలి రోజుల్లో పిల్ల వెనుకభాగానికి తెల్లని రెట్ట అంటుకొని గట్టిపడితే, అది తల్లి నుంచి గుడ్డు ద్వారా సంక్రమించిన తెల్లపారుడు కావచ్చు, చలివల్ల గాని, అధికవేడివల్ల గాని కలిగినదైనా కావచ్చు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలో నెత్తుటిరెట్ట కనిపిస్తే రక్తపారుడుగా అనుమానించాలి. దానికి కారణమైన ఏకకణ పరాన్నజీవి తడి నేలలో, వెచ్చదనంలో ఒకటి రెండు రోజుల్లోనే సోకే దశకు చేరుతుంది. వానాకాలంలో గూటి నేలను పొడిగా ఉంచడం ఇక్కడ మందుతో సమానం. ఆకుపచ్చని రెట్టతోపాటు మెడ వంకర తిరిగితే రాణిఖేత్‌గా, అంటే కొక్కెర తెగులుగా, అనుమానించాలి. అది వైరస్ వ్యాధి. వచ్చిన తరువాత నయంచేసే మందు లేదు. తొలివారంలో మొదలుపెట్టే టీకాలే రక్షణ. ఈ మూడింటినీ ‘పారుడు’ అనే ఒక్క మాటలో కలిపేస్తే, ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి వాడి, పిల్లలనూ డబ్బునూ పోగొట్టుకోవలసి వస్తుంది.

5. ముగింపు

రంగుతోపాటు పిల్ల వయస్సును, మేతను, గూటి తడిని కలిపి చూసినప్పుడే ‘పారుడు’ పేర్లు నిజమైన రోగసూచకాలవుతాయి. పశువైద్యుడితో మాట్లాడేటప్పుడు పెంపకందారు చెప్పగలిగే మొదటి ఆధారం కూడా ఈ మాటలే. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. ఆ బాటలో పెరటికోళ్ల పెంపకపు మాటలను, ముఖ్యంగా స్త్రీల నోట వినిపించే మేత, రెట్ట, తెగుళ్ల పేర్లను మండలాలవారీగా, లక్షణాల వివరణతో సేకరించడం పరిశోధకులు చేపట్టదగిన పని. అటువంటి పదకోశం భాషాధ్యయనానికీ పశువైద్య విస్తరణకూ ఏకకాలంలో ఉపయోగపడుతుంది.