గడిలో గడి: రేఖాపటముల అమరిక

ఒక బావి నీటిమట్టము సంవత్సరములో ఎట్లు మారినదో చూపుటకు ఒక రేఖాపటము చాలును. కాని ఎనిమిది జిల్లాల నీటిమట్టములను, ఆ నీటిలోని ఫ్లోరైడును ఒకే పుటలో పోల్చి చూపవలెనన్నచో పదహారు పటములు కావలెను. వాటిని ఎట్లు పడితే అట్లు అతికించినచో చూచువారికి పోలిక దొరకదు. ఒక్కొక్కప్పుడు తప్పు పోలిక దొరకును. రెండవది మొదటిదానికంటె ప్రమాదము.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఇది కేవలము అందమునకు సంబంధించిన విషయము కాదు. ఇచ్చటి నేల అడుగున చాలవరకు గ్రానైటు జాతి రాయి ఉన్నది. ఆ రాతి ఖనిజములలోని ఫ్లోరైడు క్రమముగా భూగర్భజలములో కరగును. త్రాగునీటిలో అది లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లపై గారమచ్చలు ఏర్పడును. మోతాదు బాగుగా హెచ్చినచో ఎముకలు, కీళ్ళు బిగిసి వంగిపోవును. మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల ప్రజలకు ఈ బాధ చిరకాలముగా తెలిసినదే. పటిక, సున్నము ఉపయోగించి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించగా, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు నిలిచినది. కావున ఇచ్చటి నీటి లెక్కలను చూపు పటము కంటిని మోసగించరాదు.

ఇట్టి పటములు గీయుటకు కంప్యూటరులో పైథాన్ భాషతో పనిచేయు ‘మ్యాట్‌ప్లాట్‌లిబ్’ అను ఉపకరణము కలదు. మెదడులోని విద్యుత్ సంకేతములను పరిశీలించుటకై జాన్ హంటర్ అను నాడీశాస్త్రజ్ఞుడు దీనిని తయారుచేసి, 2003లో విడుదల చేసెను. ఇది ఎవరికైనను ఉచితముగా లభించును.

మన లెక్కలకు సహజముగానే రెండంతస్తుల అమరిక ఉన్నది. పాత నల్లగొండ జిల్లానుండి 2016లో ప్రధానముగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అను మూడు జిల్లాలు ఏర్పడినవి. పాత మహబూబ్‌నగర్ నుండి అదే సంవత్సరము మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల ఏర్పడగా, 2019లో నారాయణపేట చేరినది. ఒక వైపు మూడు, మరియొక వైపు అయిదు.

చెరువు క్రింది పొలమును రైతు ఎట్లు విభజించునో గమనింపుడు. మొదట పెద్ద గట్లు వేయును. తరువాత ఒక్కొక్క భాగములో చిన్న గట్లతో మడులు కట్టును. మన పని కూడ అట్టిదే. ‘గ్రిడ్‌స్పెక్’ అను ఆజ్ఞతో ఫలకమును ఒక అడ్డువరుస, రెండు నిలువువరుసలుగా విభజింపవలెను. ఇవి పెద్ద గట్లు. పిదప ఒక్కొక్క గడిని ‘సబ్‌గ్రిడ్‌స్పెక్’ అను ఆజ్ఞతో మరల విభజింపవలెను. జిల్లాకొక అడ్డువరుస, అందు ఎడమ గడిలో నీటిమట్టము, కుడి గడిలో ఫ్లోరైడు. వరుసల సంఖ్య 1 నుండి గాక 0 నుండి ఆరంభమగునని మరువరాదు. ప్రతి భాగమునకు వేరు శీర్షిక కావలెనన్నచో, వెలుపలి గడులకు బదులు 2021లో చేర్చబడిన ‘సబ్‌ఫిగర్స్’ వాడవచ్చును.

ఇందు జాగ్రత్తపడవలసిన అంశములు మూడు.

మొదటిది అంతరము. గడుల నడుమ ఖాళీని సెంటీమీటర్లలో గాక, గడి సగటు కొలతలో ఇంత భాగమని చెప్పవలెను. 0.2 అనగా అయిదవ వంతు. పెద్ద గడికి, చిన్న గడికి అదే సంఖ్య ఇచ్చినను ఖాళీలు సమానము కావు. ఏ జిల్లా ఏ భాగమునకు చెందినదో చూపు చాలుగా తెలియుటకు వెలుపలి ఖాళీ లోపలి ఖాళీకంటె వెడల్పుగా ఉండవలెను.

రెండవది మానము. మనము చెప్పనిచో ప్రతి పటము తన అంకెలకు తగిన మానమును తానే ఎన్నుకొనును. ఒకచోట ఫ్లోరైడు 0.4 నుండి 0.8 వరకు, వేరొకచోట 2 నుండి 4 వరకు ఉన్నదనుకొనుడు. రెండు గీతలును ఒకే ఎత్తున లేచి కనిపించును. మంచినీరు, చెడునీరు ఒక్కటే అన్నట్లుండును! ‘షేర్-వై’ అను సదుపాయముతో నిలువు అక్షమును ఉమ్మడి చేయవచ్చును. కాని ఒక సబ్‌గ్రిడ్‌స్పెక్‌లో కోరిన ఉమ్మడి ఆ భాగమునకే పరిమితము. పెద్ద గట్టు దాటి రెండవ భాగమునకు పోదు. కావున ఎనిమిది ఫ్లోరైడు పటములకును 0 నుండి 6 వరకు అని మనమే హద్దులు నిర్ణయించి, అన్నింటిలోను 1.5 వద్ద ఒక ఎర్రగీత గీయుట క్షేమము.

మూడవది ఎత్తు. దీనిని చాలమంది గమనింపరు. ఫలకము ఎత్తు 15 సెంటీమీటర్లనుకొనుడు. ఖాళీలను విడిచినచో, మూడు వరుసలున్న వైపు ఒక్కొక్క పటము 5 సెంటీమీటర్లు, అయిదు వరుసలున్న వైపు 3 సెంటీమీటర్లు అగును. అప్పుడు అదే 1.5 మిల్లీగ్రాములు ఒకవైపు 1.25 సెంటీమీటర్ల ఎత్తునను, రెండవవైపు 0.75 సెంటీమీటర్ల ఎత్తునను ఉండును. అక్షముమీది అంకెలు సరిగానే ఉన్నను, కన్ను మాత్రము నల్లగొండ వైపు ఎక్కువ అని తలచును. దీనికి ఉపాయమేమన, రెండు వైపులను అయిదేసి వరుసలుగానే విభజించి, నల్లగొండ వైపు మిగిలిన రెండు వరుసలను ఒకే గడిగా కలిపి, అందు జిల్లాల పటమునో, గుర్తుల వివరణనో ఉంచవలెను. ఖాళీ వృథా కాదు, కొలతయు చెడదు.

కంప్యూటరు లేని పాఠశాలలోను ఈ పాఠము చెప్పవచ్చును. గ్రాఫు కాగితముపై పెద్ద గడులు పెన్సిలుతో గీయించి, లోపలి గడులను విద్యార్థులచేతనే విభజింపజేయవలెను. ఒకే అంకెలను ముందు మూడు వరుసల వైపున, తరువాత అయిదు వరుసల వైపున గీయించి, ఎర్రగీత ఎత్తును స్కేలుతో కొలిపించినచో, అంకె మారకుండగనే అభిప్రాయము ఎట్లు మారునో వారికే బోధపడును. కొలతను నిజాయితీగా తీసికొనుట సగము పని. నిజాయితీగా చూపుట తక్కిన సగము.