కుక్కుటశాస్త్రంలో బలాబలాల నిర్ణయం: ఒక పరిశీలన

ఓరుగల్లు కోడిపందేన్ని వర్ణించిన క్రీడాభిరామం మనకు సుపరిచితం. పందెపు కోళ్ళ బలాబలాలను నిర్ణయించే కుక్కుటశాస్త్రాన్ని గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరుల వద్ద నేటికీ సంప్రదిస్తారు. దీనిని కేవలం రంగుల పట్టికగా పరిగణిస్తే దాని నిర్మాణం బోధపడదు.

ఈ శాస్త్రం ఈకల రంగును బట్టి కోళ్ళను విభజిస్తుంది. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. నెమలి, పింగళ మొదలైనవి మరికొన్ని. అయితే ఏ ఒక్కటీ ఎల్లవేళలా శ్రేష్ఠం కాదు. ఎదుటి కోడి రంగు, పక్షం, వారం, జాము మారితే గెలుపోటముల అంచనా కూడా మారుతుంది.

1996లో జపానులో వెలువడిన పోకెమాన్ వీడియో ఆటతో పోల్చితే ఈ అంశం స్పష్టమవుతుంది. అందులో నీటి జాతి నిప్పు జాతిపై, నిప్పు గడ్డిపై, గడ్డి నీటిపై ఆధిక్యం చూపుతాయి. అందువల్ల పోటీల్లో ఒక ప్రాణి స్థాయిని దాని విడి బలంతోనే కాక, తరచుగా తారసపడే ప్రత్యర్థులను బట్టి కూడా నిర్ణయిస్తారు.

భేదం ఒక్కటే. ఆటగాళ్ళు ఫలితాలను చూసి ఆ శ్రేణులను సవరిస్తూ ఉంటారు. కుక్కుటశాస్త్రం ఫలాన్ని ముందుగానే వారానికీ జాముకూ ముడిపెడుతుంది. ఆ ముడికి ప్రత్యక్ష ఆధారం లేదు.

కాబట్టి క్షేత్రపరిశోధకులు ‘డేగ బలమైనది’ అని మాత్రమే నమోదు చేయడం అసమగ్రం. ఏ కోడిపై, ఏ వారం, ఏ జామున అన్న వివరాలు లేని వాక్యం ఈ శాస్త్రానికి చెందినది కాదు.