సర్వర్ కుప్పకూలితే.. మొదట ఏం చేస్తారు?

లినక్స్ అడ్మిన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. కమాండ్లు చాలామంది చెప్పేస్తారు. వాటిని ఏ వరుసలో వాడాలో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఉద్యోగంలో చేరాక కూడా డేటాను కాపాడేది ఆ వరుసే.

అర్ధరాత్రి దాటింది. నైట్ షిఫ్ట్‌లో మీరొక్కరే ఉన్నారనుకోండి. డేటాబేస్ సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. కన్సోల్ తెరిస్తే నల్లటి స్క్రీన్ నిండా అక్షరాలు, వాటిలో 'కెర్నెల్ ప్యానిక్' అన్న మాట. ఫోన్ మోగుతూనే ఉంది. 'ఏముందీ, రీస్టార్ట్ చేసేస్తే పోలా!' అనిపిస్తుంది. చేసేస్తారు. సర్వర్ లేస్తుంది, మీరు ఊపిరి పీల్చుకుంటారు. గంట తిరగకముందే మళ్లీ పడిపోతుంది. ఈసారి డిస్కే తెరుచుకోదు. మొదటిసారి స్క్రీన్ మీద ఏం రాసి ఉందో ఇప్పుడు మీకు గుర్తులేదు.

ఇక్కడ పోయింది గంట సమయమే కాదు, కారణం తెలుసుకునే అవకాశం కూడా.

ప్యానిక్ అంటే..

హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రామ్‌లకీ మధ్య ఉండి పని నడిపించేది కెర్నెల్. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే అదొక్కటే ఆగిపోతుంది. తప్పు కెర్నెల్‌లోనే జరిగితే రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది 'ఊప్స్'. ఆ సమయంలో నడుస్తున్న ప్రాసెస్‌ను ఆపేసి, కెర్నెల్ ఎలాగోలా నెట్టుకొస్తుంది. రెండోది 'ప్యానిక్'. ఇక ముందుకు వెళ్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉందనో, వెళ్లే దారే లేదనో కెర్నెల్ తనంతట తానే ఆగిపోతుంది. అంటే ప్యానిక్ ఒక రక్షణ చర్య. దాన్ని తిట్టుకోకుండా ఏం చెబుతోందో చదవాలి.

ముందు ఫొటో తీయండి

రీస్టార్ట్‌కు ముందు స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. రిమోట్ కన్సోల్ అయితే స్క్రీన్‌షాట్ చాలు. తర్వాత చదవండి. చాలామంది చివరి వరుస దగ్గరే ఆగిపోతారు. నిజానికి మొదట వచ్చిన ఎర్రరే ముఖ్యం. తర్వాతివి చాలావరకు దాని పర్యవసానాలే.

- రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోయానని ఉందా? కెర్నెల్ అప్‌డేట్ తర్వాతే ఇలా జరిగితే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుని బూట్ చేయండి.
- 'మెషీన్ చెక్' అని కనిపించిందా? అనుమానం హార్డ్‌వేర్ మీద. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో పరీక్షించండి.
- 'కాల్ ట్రేస్'లో ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తోందా? ఈమధ్య మార్చింది ఏమిటో వెతకండి.
- ప్రతి క్రాష్‌లో వేర్వేరు చోట్ల తప్పు చూపిస్తోందా? అప్పుడూ ర్యామ్‌ను, పవర్ సప్లైని అనుమానించాలి.

సర్వర్ లేచాక 'జర్నల్‌సీటీఎల్' కమాండ్‌తో కిందటి బూట్ సందేశాలు చూడొచ్చు. జర్నల్ డిస్క్‌లో భద్రమయ్యేలా ముందే అమర్చి ఉంటేనే ఇది కుదురుతుంది. పైగా కెర్నెల్ ఆగిపోయే క్షణంలో వచ్చిన మాటలు చాలాసార్లు డిస్క్ దాకా చేరవు. అందుకే 'కేడంప్' ఉంది. కొంత మెమరీని పక్కన పెట్టి అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతుంది. అసలు కెర్నెల్ పడిపోగానే ఇది లేచి, మెమరీలో ఉన్నదంతా ఫైల్‌గా దాచిపెడుతుంది. కాకపోతే దీన్ని క్రాష్ రాకముందే సిద్ధం చేసుకోవాలి.

డిస్క్ చెప్పే నాలుగు అంకెలు

లాగ్‌లో 'ఐ/ఓ ఎర్రర్' అంటూ సెక్టార్ నంబర్లు కనిపించినా, ఫైల్ సిస్టమ్ ఉన్నట్టుండి రీడ్-ఓన్లీగా మారినా డిస్క్ వైపు చూడాలి. సాటా హార్డ్ డిస్క్ అయితే 'స్మార్ట్‌సీటీఎల్' కమాండ్ ఇవ్వండి. పైన 'పాస్‌డ్' అని ఉందని నిశ్చింతగా ఉండొద్దు. కింది పట్టికలో ఈ అంకెలు చూడండి.

- 5: పాడైన చోటి బదులు డిస్క్ వాడుకున్న రిజర్వు సెక్టార్ల లెక్క
- 197: చదవడం కష్టమై, తేలని స్థితిలో ఉన్న సెక్టార్లు
- 198: డిస్క్ తన పరీక్షలో చదవలేకపోయిన సెక్టార్లు
- 199: డేటా మార్గంలో దొర్లిన తప్పులు. ఇదొక్కటే పెరుగుతుంటే తప్పు ఎక్కువగా కేబుల్‌దే. డిస్క్ మార్చే ముందు కేబుల్ మార్చి చూడండి.

లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. డిస్క్ తనను తాను పరీక్షించుకునేటప్పుడు తొలి ఎర్రర్ కనిపించిందంటే, అలాంటిదేమీ లేని డిస్కుతో పోలిస్తే 60 రోజుల్లో అది చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. మరోవైపు, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా నాలుగు ప్రధాన సంకేతాల్లో ఒక్కటీ చూపలేదు. అంటే అంకె పెరిగితే నమ్మండి. సున్నా ఉందని మాత్రం బ్యాకప్ మానేయకండి.

బాగుచేయడం ఆఖర్న

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఫైల్ సిస్టమ్ పాడైందనగానే 'ఎఫ్‌ఎస్‌సీకే' నడిపేస్తారు. అది డిస్క్ మీద రాస్తుంది, సర్దుతుంది, కొన్ని తీసేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద అది మందే. చనిపోతున్న డిస్క్ మీద మాత్రం మిగిలినదాన్ని కూడా పోగొట్టొచ్చు.

కాబట్టి డిస్క్ మీద రాతలు ఆపి, ముందు కాపీ తీయండి. 'డీడీరెస్క్యూ' ఇందుకే పుట్టింది. బాగున్న భాగాలను మొదట కాపీ చేసి, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదటికి రాదు. మరమ్మతు ఏదైనా ఆ కాపీ మీదే చేయండి. మౌంట్ అయి ఉన్న ఫైల్ సిస్టమ్ మీద మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే ఎప్పుడూ వద్దు.

రెయిడ్ ఉంటే మరో జాగ్రత్త. 'ఎస్‌డీబీ' లాంటి పేర్లు రీబూట్‌తో మారిపోవచ్చు. బయటికి లాగే ముందు డిస్క్ సీరియల్ నంబర్‌ను సరిచూసుకోండి. ఒక డిస్క్ పోయిన రెయిడ్-5లో పొరపాటున మంచి డిస్క్‌ను లాగితే మొత్తం అర్రే ఆగిపోతుంది.

ఇంట్లోనే సాధన

దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ చాలు. అందులో కేడంప్ అమర్చండి. రూట్ యూజర్‌గా 'సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్' ఫైల్‌లోకి 'సి' అనే ఒక్క అక్షరం పంపితే కెర్నెల్ వెంటనే క్రాష్ అవుతుంది. దాచిన డంప్‌ను 'క్రాష్' టూల్‌తో తెరిచి చూడండి. డివైస్ మ్యాపర్‌లోని 'ఫ్లేకీ' టార్గెట్‌తో డిస్క్ లోపాలనూ కృత్రిమంగా సృష్టించొచ్చు. పని చేసే సర్వర్ మీద మాత్రం ఈ ప్రయోగాలు చేయకండి. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలోనూ బిట్లు ఉండవు, నడుస్తున్న సిస్టమ్ మీద పని చేసి చూపించాల్సిందే. ప్రతి ప్రయోగం తర్వాత ఏం కనిపించింది, ఏమనుకున్నారు, ఏం చేశారు, ఏమైంది అన్నవి అరపేజీ రాసుకోండి. ఇంటర్వ్యూలో మీ అనుభవం అదే.

ఇప్పుడు ఆ అర్ధరాత్రికి మళ్లీ వెళ్దాం. ఫోన్ ఎత్తి 'లేపేస్తున్నా సార్' అనకండి. 'డిస్క్ పోతున్నట్టుంది సార్. ఆధారాలు దాచాను, కాపీ తీస్తున్నాను. అరగంటలో ఎంతవరకు వచ్చిందో చెప్తాను' అనండి. అవతలివాళ్లు కాస్త విసుక్కోవచ్చు. తెల్లారాక డేటా చేతిలో ఉంటే ఆ విసుగు ఎవరికీ గుర్తుండదు.